చెవులూ కొమ్ములూ

అక్టోబరులో అరోసా అఖాతం మీద తెల్లవారదు,
బూడిద రంగు కొంచెం పలచబడుతుంది, అంతే.
ఆ పలచనలోంచి దోసిందా ఫోన్ చేసింది:
"ఇరియా, తాళ్లు లాగనా, వద్దా?
ఇంజిను వేడెక్కి ఉంది.
రేవు బోర్డు మీద ఎర్ర గీత. నీ మెసేజీలో పచ్చ.
దేన్ని నమ్మను?"

ఒకటే యంత్రం. ఒకటే నీళ్లు.
రెండు జవాబులు.

రాత్రి మూడింటికి యంత్రం తనంతట తాను పాచి లెక్క వేసుకుంటుంది,
ఎవరి పేరూ లేకుండా, లేదా అందరి పేరునా.
నిద్ర లేచాక అదే లెక్క నేను వేస్తాను, నా పేరుతో లోపలికెళ్లి.
దానిది ఎర్ర. నాది పచ్చ.

తప్పెవరిదో తెలిసిపోయిందనుకున్నాను.
పోయిన నెలే కదా కొత్త లైబ్రరీ తెచ్చి
నా ఫోల్డర్లో దింపుకున్నాను.
సిస్టమ్‌లో ఉన్నది ఆరేళ్ల పాతది, రిటైరైన ఉషియో పెట్టి వెళ్లినది.
నా పాస్‌వర్డుకి ఆ గుమ్మం తెరుచుకోదు,
అందుకని పెరటి దారిన తెచ్చుకున్నాను.
ఇంపోర్ట్ అనగానే నా ప్రోగ్రాం
ముందు నా ఇంట్లో వెతుకుతుంది,
దొరికిందా, ఇక వీధి గడప తొక్కదు.
ఇద్దరికీ పేరు ఒకటే. పిలిస్తే పలికేది మాత్రం
దగ్గరున్నవాడు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి.
నవ్వుకున్నాను కూడా.

దోసిందా లైన్లోనే ఉంది. ఆమె వెనక
తెప్ప కింద తడిసిన యూకలిప్టస్ దుంగలు
ఒకదాన్నొకటి రాసుకుని మూలుగుతున్నాయి.
"పది నిమిషాలు ఆగు" అన్నాను.
"ట్రక్కు ఆగదు" అంది.
తను మాత్రం ఆగింది.

రెండింటినీ పక్కపక్కన పరిచి
వరస వెంట వరస పోల్చాను.
కొత్తదాంట్లో అంతా చదును, పాలరాయిలా.
పాతదాంట్లో నాలుగు వందల పన్నెండో వరసలో
లోకంలో ఇంకే కాపీలోనూ లేని ఒక షరతు.
దాని నెత్తిన, గలీసియన్‌లో, ఉషియో:

"మూడో సెన్సరు ఆటు వేళ నీళ్లని అందుకోలేదు.
అప్పుడు మైనస్ తొంభై తొమ్మిది అంటుంది.
అది అంకె కాదు. తెలీదని చెప్పడం.
కూడొద్దు."

నేను కూడాను.
ఇరవై తొమ్మిది రోజులుగా కూడుతున్నాను.
తెలీదన్న మాటని విషంలోంచి తీసివేసి
సగటు తగ్గిందని పచ్చ పూశాను.
నిన్నటిదాకా నీళ్లు నిజంగానే శుభ్రం.
అది నా గొప్ప కాదు.

కొమ్ములు వాడివే.
కొమ్ములకి వినపడదు.

"లాగకు, దోసిందా."
అటునుంచి ఒక బూతు, ఆల్చిప్పలకీ నాకూ సముద్రానికీ
సమంగా పంచుతూ.
తర్వాత ఇంజిను ఆగిన నిశ్శబ్దం.

ఉషియోకి ఫోన్ చేస్తే
కొట్టంలో ద్రాక్ష తొట్లు కడుగుతున్నాడు.
ఎవరికీ చెప్పలేదేం, అన్నాను.
"రాశాను కదా" అన్నాడు.
నువ్వు ఎవరికి చెప్పి తెచ్చుకున్నావని
అడగలేదు. గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు
చాలాసేపు విన్నాం ఇద్దరం.

నాది చెరిపేద్దామని చెయ్యి వెళ్లింది, ఒక్క కమాండు పని.
నాది లేకపోతే కొత్త మ్యాపు గీసుకోదు.
అతనిది తీస్తే రాత్రి లెక్కకి కళ్లు పోతాయి.
ఈ పనికంటూ వేరే గది కట్టాను,
ఏ లైబ్రరీ, ఎన్నో నంబరుదో గోడ మీద రాసి,
బయటి గాలి చొరకుండా తలుపేసి.
నాలుగు వందల పన్నెండో వరసని
గూట్లోంచి గుడ్డు తీసినట్టు తీసి అందులో పెట్టాను,
పైన అతని మాటలు, అక్షరం మార్చకుండా.
కింద నాది ఒకటి:
"నిజమే. ఒక పొద్దున చూశాను. ఇరియా."

మధ్యాహ్నానికి పోటెక్కింది.
మూడో సెన్సరు నీళ్లని తాకి
మళ్లీ అంకెలు చెప్పడం మొదలుపెట్టింది.